నారుమడి గట్టు మీద

సభకు నమస్కారం. పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో ఓపికగా కూర్చున్న పిల్లలకు నా కృతజ్ఞతలు.

ఈ నెల కార్యక్రమంలో బేస్‌బాల్ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, నేను మన టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఆడే పెద్ద జట్టు టెక్సాస్ రేంజర్స్ గురించి చెబుతానని వారు అనుకొని ఉండవచ్చు. నేను చెప్పదలచుకున్నది మన మధ్యనే, ఫ్రిస్కోలోని రైడర్స్ ఫీల్డ్‌లో ఆడే రఫ్‌రైడర్స్ జట్టు గురించి. మీలో చాలామంది పిల్లల స్కూలు తరఫునో ఆఫీసు తరఫునో ఒకసారి అక్కడికి వెళ్ళి, చివర్లో బాణసంచా చూసి, ఎవరు గెలిచారో గుర్తు లేకుండానే ఇంటికి వచ్చి ఉంటారు. నేను 2007 నుంచి నా వేసవి సాయంత్రాలన్నీ అక్కడే గడుపుతున్నాను. ఇప్పుడు ఒక సీజనులో ఫ్రిస్కోలో 69 మ్యాచ్‌లు జరుగుతాయి. వాటిలో నలభైకి తక్కువ చూసిన ఏడాది నాకు ఏదో బాకీ పడిపోయినట్టు ఉంటుంది. పెద్ద జట్టు ఇంత దగ్గరలో ఉండగా ఈ చిన్న జట్టును పట్టుకొని వేలాడటం దేనికని బంధువులూ స్నేహితులూ చాలాసార్లు అడిగారు. నిలబడి మాట్లాడుకొనే రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కనుక నవ్వి ఊరుకొనేవాణ్ణి. ఈ సాయంత్రం మీరు నాకు కావలసినంత సమయం ఇచ్చారు.

ఈ ఏర్పాటు తెలియనివారి కోసం ముందుగా కొద్దిగా వివరిస్తాను. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు కింద సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని నాలుగు మెట్లలో నాలుగు అనుబంధ జట్లుంటాయి. అంటే మొత్తం 120. వీటినే మైనర్ లీగ్ జట్లంటారు. మన ఫ్రిస్కో జట్టు రేంజర్స్‌కు డబుల్-ఎ అనుబంధం, దీని పైమెట్టు ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్. ఆటగాళ్ళను ఎంపిక చేసేదీ, జీతాలిచ్చేదీ, శిక్షకులను పంపేదీ, ఏ పిచ్చర్ ఏ రోజు ఎన్ని బంతులు వేయాలో తేల్చేదీ రేంజర్స్ సంస్థే. ఫ్రిస్కో యాజమాన్యం చేతిలో ఉన్నవి టిక్కెట్లు, తినుబండారాలు, మైకులో పాటలు, ఇందాక చెప్పిన బాణసంచా. అంటే మనం ఎవరికోసం చప్పట్లు కొడుతున్నామో, ఆ మనిషి రేపు ఇక్కడ ఉంటాడా లేదా అన్నది ఈ ఊళ్ళో ఎవరి చేతిలోనూ లేదు.

అమెరికన్లు ఈ పద్ధతిని ఫార్మ్ సిస్టమ్ అంటారు. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ వ్యవహారాలు చూసిన బ్రాంచ్ రికీ దీనికి ఒక రూపం ఇచ్చాడు. డబ్బున్న జట్లతో పోటీపడి పేరున్న ఆటగాళ్ళను కొనలేని పరిస్థితిలో, చిన్న ఊళ్ళ జట్లను ఒక్కొక్కటిగా చేజిక్కించుకొని, అక్కడే కుర్రాళ్ళను పెంచి పైకి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మనవంటి వరి పండించే ప్రాంతం నుంచి వచ్చినవారికి ఇది చెప్పనక్కరలేదు, ఇది నారుమడి. ఊళ్ళో ఒక మూల నీటి వసతి ఉన్న చోట నారు పోస్తారు, జానెడెత్తు పెరిగాక పీకి కట్టలు కట్టి వేరే పొలంలో నాట్లు వేస్తారు. దారిన పోయేవారు పచ్చటి పొలాన్ని చూసి మెచ్చుకొంటారు. నారుమడి గట్టు మీద నిలబడి చూసేది దాన్ని పెంచే రైతు ఒక్కడే. నేను ఆ గట్టు మీద మనిషిని.

అయితే పెంచే రైతుకు ఆ నారు తన పొలానికే పోతుందన్న ధీమా ఉంటుంది. మాకు అది కూడా లేదు. ఏ జూలై నెలాఖరులోనో రేంజర్స్ వారికి అనుభవమున్న ఒక పిచ్చర్ అవసరమైతే, ఇక్కడి కుర్రాళ్ళను ఇద్దరినో ముగ్గురినో వేరే సంస్థకు ఇచ్చేస్తారు. వాళ్ళు ఇంకెక్కడో పెరుగుతారు.

ఈ రకమైన ఆటను చూడటం నాకు మా నాన్నగారు నేర్పారు. నా చిన్నతనంలో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఆంధ్ర రంజీ జట్టు మ్యాచ్ జరిగితే ఆయన సెలవు పెట్టి మరీ వెళ్ళేవారు. మెట్ల మీద అక్కడక్కడా ఓ వందమంది ఉంటే ఎక్కువ. ఎండలో తల మీద తువాలు వేసుకొని, పొట్లంలో వేరుశనక్కాయలు పెట్టుకొని, రూళ్ళ పుస్తకంలో ప్రతి బంతినీ చుక్కలతోనూ అంకెలతోనూ రాసుకొనేవారు. భారత జట్టు ఆడే మ్యాచ్ రేడియోలో వస్తున్నా ఆయన మనసు ఇటే ఉండేది. ‘‘అక్కడ ఆడేవాళ్ళని చూడటానికి దేశమంతా ఉందిరా, ఈ కుర్రాణ్ణి చూడటానికి మనమే ఉన్నాం’’ అనేవారు. నాకు అప్పట్లో ఆ మాట పట్టలేదు. అమెరికా వచ్చి, ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కొని, ఒక మంగళవారం రాత్రి పల్చటి జనం మధ్య కూర్చొని, కౌంటరులో ఇచ్చిన వేరుశనక్కాయల పొట్లం విప్పినప్పుడు ఆ మాట దానంతట అది తిరిగి వచ్చింది.

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ మొదట్లో ఖాళీగా కనబడుతుంది. నాకూ అలాగే కనబడింది. తొమ్మిది ఇన్నింగ్స్‌లో చాలా సేపు ఏమీ జరగడం లేదనిపిస్తుంది. ఆ ఖాళీని నింపింది స్కోరు పుస్తకం. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది: పిచ్చర్ ఒకటి, క్యాచర్ రెండు, మొదటి బేస్ దగ్గర నిలబడేవాడు మూడు, రెండో బేస్ నాలుగు, మూడో బేస్ అయిదు, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఆరు, బయటి ముగ్గురూ ఎడమ నుంచి కుడికి ఏడు, ఎనిమిది, తొమ్మిది. షార్ట్‌స్టాప్ బంతి అందుకొని రెండో బేస్‌కు విసిరి, అక్కడి నుంచి మొదటి బేస్‌కు విసిరితే ఇద్దరు ఔట్. పుస్తకంలో 6-4-3 అని రాస్తాం. మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ స్ట్రైకౌట్, అంటే ఔట్; ఆ మూడో స్ట్రైక్‌కు అతను బ్యాట్ ఊపి తప్పిపోతే కె అని, బ్యాట్ ఊపకుండా నిలబడిపోతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తాం. ఇలా రాయడం మొదలుపెట్టాక, ఖాళీ అనుకొన్న చోటల్లా మనుషులు కనబడతారు. ఫలానా షార్ట్‌స్టాప్ ఏప్రిల్‌లో కుడివైపు వెళ్ళే బంతులను వదిలేస్తున్నాడు, జూన్‌లో అందుకొంటున్నాడు అన్న సంగతి టీవీలో చెప్పేవారెవరూ ఉండరు. అది మన పుస్తకంలో మన చేతిరాతలో ఉంటుంది.

మన స్టేడియం కట్టుబడి కూడా ఇలా చూడటానికి అనువుగా ఉంది. 2003లో దీన్ని తెరిచారు. అంతకు ముందు లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఆడుతున్న జట్టు ఇక్కడికి తరలి వచ్చింది. ఆర్కిటెక్ట్ డేవిడ్ ష్వార్జ్ దీన్ని ఒకే పెద్ద గిన్నెలా కాకుండా, విడివిడి మంటపాలను కలిపినట్టుగా రూపొందించారు. పదివేల మందికి చోటుంది. పిచ్చర్లు చేతులు వేడెక్కించుకొనే బుల్‌పెన్‌లు ప్రేక్షకుల కుర్చీల మధ్యనే ఉండటం దీని ప్రత్యేకత. గంటకు తొంభై అయిదు మైళ్ళ వేగంతో వచ్చిన బంతి క్యాచర్ చేతి తొడుగులో పడినప్పుడు వచ్చే చప్పుడు పెద్ద స్టేడియాల్లో మైకుల హోరులో కలిసిపోతుంది. ఇక్కడ మాత్రం పక్కింటి వసారాలో రోకటిపోటు విన్నట్టు వినబడుతుంది. కుడివైపు గోడ అవతల 2016లో ఒక నీటి కాలువ కూడా కట్టారు; పిల్లలు రబ్బరు ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు. కొందరు పాతకాలపు అభిమానులకు అది నచ్చలేదు. టెక్సాస్ జూలైలో పిల్లలను మూడు గంటలు కూర్చోబెట్టవలసినవారిగా మీరే ఆలోచించండి. నాకు అందులో తప్పు కనిపించదు.

ఇక అసలు విషయానికి, అంటే వెళ్ళిపోయేవారి విషయానికి వస్తాను. 2023 ఏప్రిల్‌లో మన మైదానంలో ఎవన్ కార్టర్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆడుతున్నాడు. టెనెసీలోని చిన్న ఊరు ఎలిజబెత్‌టన్ నుంచి వచ్చాడు. 2020 డ్రాఫ్ట్‌లో, అంటే మేజర్ లీగ్ జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకొనే ఏర్పాటులో, రేంజర్స్ అతన్ని రెండో రౌండులో తీసుకొన్నప్పుడు చాలామంది పరిశీలకుల జాబితాల్లో అతని పేరే లేదు. అతనిలో నేను గమనించినది అతని ఓర్పు. చెడ్డ బంతికి బ్యాట్ ఊపడు. ఆ వయసు కుర్రాళ్ళకు ఉండే తొందర అతనికి లేదు. నాలుగు చెడ్డ బంతులు వచ్చేదాకా నిలబడి, బ్యాట్ పక్కన పెట్టి, మొదటి బేస్‌కు నడిచి వెళ్ళేవాడు. నా పుస్తకంలో అతని గళ్ళు అలాంటి నడకలతో నిండి ఉన్నాయి. వేసవి చివరికి రౌండ్ రాక్‌కు పంపారు, సెప్టెంబరు 8న రేంజర్స్‌కు ఆడాడు, నవంబరు 1న రేంజర్స్ తమ చరిత్రలో తొలిసారి ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఆ అక్టోబరు నెలంతా దేశం అతనెవరో ఇప్పుడే తెలుసుకొంటున్నట్టు మాట్లాడింది. ఈ మైదానంలో మంగళవారాలు వచ్చే కొద్దిమందిమి మాత్రం టీవీ ముందు కూర్చొని, అతను బంతిని వదిలేసిన ప్రతిసారీ, మా ఇంటి పిల్లవాడు పరీక్ష రాస్తున్నట్టు ఊపిరి బిగబట్టాం.

వెళ్ళిపోవడం ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. దానికి సభలు, వీడ్కోళ్ళు ఉండవు. ఆట మధ్యలో, ఏ అయిదో ఇన్నింగ్స్‌లోనో, బాగా ఆడుతున్నవాణ్ణి అకస్మాత్తుగా తప్పించి వేరేవాణ్ణి పంపుతారు. మనం జట్టు కూర్చొనే డగౌట్ వైపు చూస్తాం. అతను ఒక్కొక్క సహచరుణ్ణి కౌగిలించుకొంటూ ఉంటాడు. అంటే ఫోను వచ్చిందన్న మాట. పైమెట్టుకు పిలుపో, మరో సంస్థకు మార్పిడో ఆ క్షణానికి మనకు తెలియదు. చుట్టూ ఉన్నవారిలో ఒకరిద్దరు లేచి నిలబడి చప్పట్లు కొడతారు, తెలియనివారు ఎందుకు లేచారా అని చూస్తారు. ఆ రాత్రే అతను బట్టలు సర్దుకొని వెళ్ళిపోతాడు. మర్నాడు అదే సంఖ్య చొక్కాను మరొక కుర్రాడు వేసుకొని దిగవచ్చు. మొదటి రెండేళ్ళూ నాకు ఇది మోసపోయినట్టుగా అనిపించేది. తర్వాత తెలిసింది, ఇక్కడ అభిమానం అంటే అతను వెళ్ళిపోవాలని కోరుకోవడమే. ఎవరినైనా మూడేళ్ళపాటు ఇక్కడే చూడగలిగామంటే ఆ మనిషికి ఎక్కడో దారి మూసుకుపోతున్నదని అర్థం. నిజానికి ఎక్కువమంది విషయంలో జరిగేది అదే. ఈ మెట్టు దాకా వచ్చినవారిలో కూడా చాలామంది మేజర్ లీగ్ మైదానంలో ఒక్క రోజైనా అడుగుపెట్టకుండానే ఆట మానేస్తారు. నా పుస్తకాల్లో వారి పేర్లే ఎక్కువ.

2022లో జాక్ లైటర్ అనే పిచ్చర్ పడిన కష్టం నాకు ఇంకా కళ్ళముందే ఉంది. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద రెండోవాడిగా ఎంపికైనవాడు, తండ్రి ఆల్ లైటర్ కూడా పేరు మోసిన పిచ్చరే. అన్నీ ఉన్నవాడు అనుకొన్నాం. ఆ సీజనంతా బంతి అతని మాట వినలేదు. ఒక్క ఇన్నింగ్స్‌లో ముప్పై బంతులు వేసి, తల వంచుకొని డగౌట్‌కు నడిచిన రాత్రులు చాలా ఉన్నాయి. ఫ్రిస్కో జనం అతణ్ణి ఎగతాళి చేయలేదు. మర్నాటి వార్తల్లో అతని పేరుకు పక్కన పడిన అంకెలు దేశమంతా చూసింది, అతను మళ్ళీ మళ్ళీ లేచి బంతి అడిగి తీసుకోవడం మాత్రం మేమే చూశాం. 2024 ఏప్రిల్‌లో అతను రేంజర్స్‌కు మొదటి మ్యాచ్ ఆడాడు.

మరి గెలుపు సంగతేమిటని యువకులు అడుగుతారు. మన జట్టు ఆడే టెక్సాస్ లీగ్ 1888లో పుట్టింది, కాబట్టి ఈ లీగ్‌లో గెలుపు చిన్న విషయం కాదు. 138 మ్యాచ్‌ల సీజనును రెండు సగాలు చేసి, ఒక్కొక్క సగంలో ముందున్నవారిని ప్లేఆఫ్స్‌కు పంపుతారు. జూన్‌లో మొదటి సగం గెలిచి చొక్కాలు తడిసేలా నీళ్ళు చల్లుకొన్న కుర్రాళ్ళలో చాలామంది, సెప్టెంబరులో ఆ ప్లేఆఫ్స్ ఆడే నాటికి ఈ ఊళ్ళోనే ఉండరు. వాళ్ళు సంపాదించిన హక్కును వేరేవాళ్ళు అనుభవిస్తారు. 2004లో ఫ్రిస్కో తొలిసారి టైటిల్ గెలిచింది. రెండోసారి 2022లో, విచిటా విండ్ సర్జ్‌ను ఓడించి. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. 2022 సెప్టెంబరులో ఆ కబురు విన్నప్పుడు నాకు గుర్తొచ్చినవారు ఆ పద్దెనిమిదేళ్ళలో వచ్చి వెళ్ళినవారు. ఈ ఊళ్ళో ఆటగాళ్ళు మారతారు, శిక్షకులు మారతారు, స్టేడియం పేరు కూడా డాక్టర్ పెప్పర్ నుంచి రైడర్స్ ఫీల్డ్‌కు మారింది. మారనిది కుర్చీల్లో కూర్చొనే మనం. జట్టు అన్న మాటకు ఇక్కడ నిలకడగా అర్థం ఇవ్వగలిగినవారు ప్రేక్షకులేనని నేను నమ్ముతాను.

ఆ నమ్మకానికి ఆధారాలు ఇతర ఊళ్ళ చరిత్రలో ఉన్నాయి. 1981 ఏప్రిల్ 18న రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో, ఎముకలు కొరికే చలిలో, పాటకెట్ రెడ్ సాక్స్‌కూ రోచెస్టర్ రెడ్ వింగ్స్‌కూ మొదలైన ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలలేదు. ఇరవై దాటింది, ముప్పై దాటింది. తెల్లవారితే ఈస్టర్ పండుగ. 32 ఇన్నింగ్స్ పూర్తయ్యాక ఉదయం 4 గంటల 7 నిమిషాలకు ఆట ఆపారు. అప్పటికి స్టేడియంలో మిగిలిన ప్రేక్షకులు 19 మంది. తర్వాతి కాలంలో ప్రముఖులైన వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ ఇద్దరూ ఆ రాత్రి ఎదురెదురు జట్లలో ఆడారు. జూన్ 23న ఆటను కొనసాగిస్తే 33వ ఇన్నింగ్స్‌లోనే, 18 నిమిషాల్లో, పాటకెట్ 3-2తో గెలిచింది. ఆ రెండో రోజు స్టేడియం జనంతో, విలేకరులతో కిక్కిరిసింది. నాకు మాత్రం ఆ 19 మందితో కూర్చోవాలని ఉంటుంది. వృత్తి బేస్‌బాల్‌లో అంతకన్నా పొడవైన ఆట ఇంతవరకూ జరగలేదు, అది జరుగుతున్నప్పుడు చూసినవారు ఒక చిన్న బస్సుకు సరిపోయేంతమంది.

ఆ ఆటలో ఓడిన రోచెస్టర్‌ది మరో కథ. బ్రాంచ్ రికీ కాలం నుంచి ఆ జట్టు కార్డినల్స్ చేతిలో ఉండేది. 1950లలో కార్డినల్స్ దాన్ని వదిలించుకోవాలని నిర్ణయించినప్పుడు, జట్టు ఊరు విడిచి పోయే ప్రమాదం వచ్చింది. మారీ సిల్వర్ అనే స్థానిక వ్యాపారి ముందుండి వాటాలు అమ్మించాడు. 1957లో 8,222 మంది ఊరివాళ్ళు వాటాలు కొని జట్టును తమ సొంతం చేసుకొన్నారు. బేస్‌బాల్‌లో గొప్ప ఆటగాడు రిటైరైతే అతని చొక్కా సంఖ్యను మరెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెడతారు. రోచెస్టర్ వారు అలా పక్కన పెట్టిన సంఖ్యల్లో 8222 కూడా ఒకటి. ఏ ఆటగాడి వీపు మీదా అచ్చుకాని సంఖ్య అది. వాటా పత్రాలు కొన్న మెకానిక్కులూ, టీచర్లూ, దుకాణదారులూ అందరిదీ కలిపి ఒకే చొక్కా.

ఇంకొక్క సంగతి. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు ఆడి వర్ణవివక్ష గోడను బద్దలు కొట్టాడని మన పిల్లలు స్కూళ్ళలో చదువుకొంటారు. అంతకు ముందు ఏడాది, 1946లో, అప్పటికి బ్రూక్లిన్ వ్యవహారాలు చూస్తున్న బ్రాంచ్ రికీయే అతణ్ణి కెనడాలోని మాంట్రియల్ రాయల్స్ అనే మైనర్ లీగ్ జట్టులో ఆడించాడు. అతిథిగా వెళ్ళిన కొన్ని అమెరికన్ ఊళ్ళలో అతను నానా మాటలూ పడ్డాడు. మాంట్రియల్ జనం మాత్రం అతణ్ణి తమవాడిగా చేసుకొన్నారు. సీజను చివర టైటిల్ గెలిచిన రోజు వారు ఆనందంతో అతని వెంట వీధుల్లో పరుగెత్తారు. మిగతా ప్రపంచం కన్నా ఒక ఏడాది ముందు అతన్ని గుర్తించింది ఒక చిన్న జట్టు అభిమానులు. ఇది తలుచుకొన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఈ ఆటగాళ్ళ బతుకు గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళడం న్యాయం కాదు. 2022లో డబుల్-ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆడని నెలల్లో డబ్బు లేదు. ఆటగాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంటులో నేల మీద పరుపులు వేసుకొని పడుకోవడం, సీజను లేనప్పుడు గిడ్డంగుల్లో బరువులు మోయడం మామూలు సంగతి. చాలా ఊళ్ళలో స్థానిక కుటుంబాలు తమ ఇంట్లో ఒక గది ఇచ్చి, అన్నం పెట్టి వీరిని కాపాడాయి. మేజర్ లీగ్ మీద మాజీ ఆటగాళ్ళు 2014లో వేసిన దావా 2022లో 185 మిలియన్ డాలర్ల రాజీతో ముగిసింది. ఆ ఏడాదే వసతి ఏర్పాటు సంస్థల బాధ్యత అయింది, ఆటగాళ్ళు సంఘంలో చేరారు. 2023లో కుదిరిన మొదటి ఒప్పందంతో డబుల్-ఎ కనీస జీతం 30,250 డాలర్లకు పెరిగింది. ఇది ఇప్పటికీ ఈ ఊళ్ళో బతకడానికి చాలీచాలని డబ్బే. ఆదివారం మధ్యాహ్నం ఆట ముగిశాక కార్పస్ క్రిస్టీ నుంచి నాలుగు వందల మైళ్ళు బస్సులో వచ్చి, సోమవారం ఒక్కరోజు కాళ్ళు చాపుకొని, మంగళవారం మళ్ళీ మైదానంలో నిలబడేవారిని చూసినప్పుడు, టిక్కెట్టు ధర ఎక్కువైందని నేను ఎన్నడూ అనుకోలేదు.

2020లో మహమ్మారి వల్ల మైనర్ లీగ్ సీజను మొత్తం రద్దయింది. ఆ ఏడాది తర్వాత మేజర్ లీగ్ అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించింది. నలభై ఊళ్ళు ఒక్కసారిగా ఆ గొలుసు నుంచి తెగిపోయాయి. కొన్ని చోట్ల విశ్వవిద్యాలయ కుర్రాళ్ళతో వేసవి జట్లు నడుపుతున్నారు, కొన్ని జట్లు ఎవరికీ అనుబంధం కాని స్వతంత్ర లీగుల్లో చేరాయి. మైదానాలు బాగుచేయడానికీ జీతాలు పెంచడానికీ ఇది అవసరమన్నారు. జీతాలు పెరిగినందుకు నేను సంతోషించాను. ఆ నలభై ఊళ్ళ స్కోరు పుస్తకాల గురించి ఆలోచిస్తే మాత్రం ఆ సంతోషం నిలవదు.

ఇలాంటి మార్పు ఒకటి మన పక్కనే జరిగింది. గ్రాండ్ ప్రెయిరీలో ఎయిర్‌హాగ్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టు 2008 నుంచి ఆడేది. ఒక దశలో చైనా ఆటగాళ్ళు కూడా వచ్చి ఆ చొక్కా వేసుకొన్నారు. 2020 తర్వాత ఆ జట్టు లేదు. ఆ స్టేడియాన్నే క్రికెట్‌కు తగినట్టు మార్చి, 2023 జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. 2024 జూన్ 6న టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. మనలో చాలామంది ఆనందంతో గొంతు పోయేలా అరిచాం, నేనూ అరిచాను. కాని ఆ మెట్ల మీద పన్నెండేళ్ళపాటు వేసవి సాయంత్రాల్లో కూర్చొన్న ఎయిర్‌హాగ్స్ అభిమానులు ఇప్పుడు ఎక్కడ కూర్చొంటున్నారో అని ఆ రోజు కూడా అనుకొన్నాను. మనకు ఒక మైదానం దొరికిందంటే ఎవరో ఒకరు తమ మైదానాన్ని పోగొట్టుకొన్నారు. ఆ సంగతి మనకు తెలిసి ఉండాలి. ఫ్రిస్కోలో మంగళవారం కుర్చీలు నింపమని నేను మిమ్మల్ని ఇంతగా అడగడానికి అది కూడా ఒక కారణం.

చివరగా ఒక పిచ్చర్ గురించి చెబుతాను. అతని పేరు కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయంలో పేరు పొందిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత శిక్షకుడు. తల్లి లలిత భారతీయ సంతతి అమెరికన్. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాదిలోనే, 2019 జూన్‌లో, డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతణ్ణి పదోవాడిగా ఎంచుకొని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది వేసవిలో అతను ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర జట్టుకు ఆడాడు. ఇందాక నేను చెప్పిన, గొలుసు నుంచి తెగిపోయిన జట్లలో అదీ ఒకటి. తమను ఎవరూ అక్కరలేదన్న ఊళ్ళోనే, అప్పటికి ఎవరికీ అక్కరలేనట్టున్న ఈ కుర్రాడికి చోటు దొరికింది. ఆ వేసవి చూసి 2022లో రేంజర్స్ అతణ్ణి మూడోవాడిగా ఎంచుకొన్నారు. 2023లో ఫ్రిస్కోకు కిందిమెట్టయిన హికరీలో కొద్ది మ్యాచ్‌లు ఆడాక మోచేతికి శస్త్రచికిత్స జరిగింది, మళ్ళీ ఏడాదికి పైగా విరామం.

2024 వేసవిలో అతను ఫ్రిస్కోకు వచ్చాడు. మైకులో కుమార్ అన్న పేరు వినబడగానే, అప్పటిదాకా ఫోనులు చూసుకొంటున్న మనవాళ్ళ కుటుంబాలు తలెత్తడం నేను చూశాను. నా వెనక వరుసలో ఎనిమిదేళ్ళ పాప ‘‘నాన్నా, మన కుమార్ అంకుల్ పేరే’’ అంది. అతను బుల్‌పెన్‌లో వేసే బంతుల చప్పుడు ఆ వరుస దాకా వినబడుతూ ఉంది. స్లైడర్ అనే బంతి అతని చేతిలో నుంచి వచ్చి చివరి క్షణంలో పక్కకు జారి పడుతుంది. బ్యాటర్లు గాలిని కొట్టి వెనుదిరుగుతున్నారు. నేను ఒకదాని కింద ఒకటిగా కె రాస్తున్నాను. ఆ పాప ముందుకు వంగి, అదేమిటని అడిగింది. పుస్తకం చేతికిచ్చి, అంకెలు నేర్పి, మూడో ఇన్నింగ్స్ తననే రాయమన్నాను. ఆ పేజీలో మూడో గడి నుంచి పెన్సిల్ గీతలు కొంచెం వంకరగా, అక్షరాలు పెద్దవిగా ఉంటాయి.

సెప్టెంబరు 12న అతను సియాటిల్‌లో రేంజర్స్ తరఫున తొలిసారి బంతి వేశాడు. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడు స్ట్రైకౌట్లు. పశ్చిమ తీరపు ఆట కనుక ఇక్కడ రాత్రి బాగా పొద్దుపోయింది, మర్నాడు ఆఫీసు ఉంది. సాధారణంగా టీవీ ఆటలకు నేను పుస్తకం తీయను. ఆ రాత్రి తీశాను. ఫ్రిస్కోలో రాసిన పేజీకి ఎదుటి పేజీ ఖాళీగా ఉంది, అందులోనే రాశాను. పుస్తకం ఇక్కడే బల్ల మీద పెట్టాను, సభ అయ్యాక పిల్లలు వచ్చి చూడవచ్చు.